అదానీ సోలార్ కేసు: మన పేపర్లు, అమెరికా పేపర్లు, కెన్యా పేపర్లు వేర్వేరు కథలు ఎందుకు చెప్పాయి?

మద్దిలపాలెం_జర్నలిజం
ఏయూలో జర్నలిజం చదువుతున్నాను. ఒక పెద్ద అవినీతి కేసును వేర్వేరు దేశాల పత్రికలు ఎలా రాశాయో పోల్చి సెమినార్ ఇవ్వాలి. 2024 నవంబర్ 20న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కోర్టులో బయటపెట్టిన అదానీ నేరారోపణ పత్రం తీసుకున్నాను. మన రాష్ట్రం ప్రస్తావన అందులో ఉంది కాబట్టి. సోలార్ కరెంటు ఒప్పందాల కోసం మన దేశంలో అధికారులకు రూ.2,029 కోట్ల లంచాలు ఇవ్వజూపారన్నది ఆరోపణ. అందులో రూ.1,750 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లో 2019 మే నుంచి 2024 జూన్ దాకా పదవిలో ఉన్న ఒక పెద్దకి అన్నారు. పేరు రాయలేదు. అదానీ గ్రూప్ ఇవన్నీ నిరాధారమంది.

అమెరికా పేపర్లలో ఇది మోదీకి దగ్గరివాడైన కుబేరుడు అమెరికా మదుపరులను మోసం చేశాడన్న కథ. కెన్యా పేపర్లలో అదానీకి ఇవ్వబోయిన తమ నైరోబి విమానాశ్రయం కథ. మన దగ్గర ఒక పేపర్ చూస్తే రాష్ట్రాన్ని అమ్మేశారని ఉంది, ఇంకో పేపర్ చూస్తే అసలు అదానీతో ఒప్పందమే లేదు, కేంద్ర సంస్థ సెకితోనే అని ఉంది. నిజంగా కోపం వచ్చింది. ఏది అసలు కథ? వీటిని పోల్చడానికి ఒక పద్ధతి ఉందా?

ఉక్కునగరం_వాసి
పద్ధతేముంది తమ్ముడూ. పేపర్ ఎవరిదో చూడు, కథ ఎటు పోతుందో తెలిసిపోతుంది. ఈనాడు ఏం రాస్తుందో, సాక్షి ఏం రాస్తుందో పేపర్ విప్పకుండానే చెప్పేవాళ్లు మా క్వార్టర్స్‌లో వీధికి పదిమంది ఉన్నారు.

కంచరపాలెం_కుర్రోడు
మా ఇంట్లో నాన్న ఒకటి, పక్కింటి బాబాయ్ ఇంకొకటి. ఆ వారమంతా గోడ మీంచి పేపర్లు మార్చుకుని చదివారు, తర్వాత గోడ మీంచే వాదించుకున్నారు 😀

ఆడిటర్_సీతమ్మధార
ఓనర్ సంగతి నిజమే, కానీ అక్కడే ఆగిపోకు. అమెరికా పేపర్లు మదుపరుల గురించి ఎందుకు రాశాయో చూడు. మన రాష్ట్రంలో లంచం ఇచ్చారన్న ఆరోపణ ఒక్కటే ఉంటే అమెరికా కోర్టు ఆ కేసు పట్టుకోలేదు. దానికి అమెరికా లింకు కావాలి. 2021లో అదానీ గ్రీన్ 75 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది, అందులో సుమారు 17.5 కోట్ల డాలర్లు అమెరికా మదుపరులవని అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ అంది. మేం లంచాలకు దూరం అని వాళ్లకు చెప్పి డబ్బు తీసుకున్నారన్నది అభియోగం. అందుకే గౌతమ్ అదానీ మీద పెట్టినవి సెక్యూరిటీల మోసం, వైర్ మోసం. విదేశీ అధికారులకు లంచాల చట్టం కింద కుట్ర అభియోగం వేరేవాళ్ల మీద పెట్టారు. గ్రూప్ కూడా వారం తిరక్కుండా ఇదే పాయింట్ పట్టుకుని వివరణ ఇచ్చింది.

అంటే చట్టం ఎవరిని బాధితుడిగా చూపితే పత్రం వాళ్ల గురించి రాస్తుంది, పత్రంలో ఏముంటే రిపోర్టర్ అది రాస్తాడు. అమెరికా పత్రికల కథను ముందు కట్టింది ప్రాసిక్యూటర్లే.

జగదాంబ_సెంటర్
అమెరికా వాళ్లది న్యాయం, మనవాళ్లది కులం, పార్టీ. ఈ చర్చలు చివరికి అక్కడికే చేరతాయి. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ వచ్చీ రాగానే ఆ విదేశీ లంచాల చట్టం అమలునే ఆపమని ఉత్తర్వు ఇచ్చాడు. తమ కంపెనీలకు నష్టం వస్తోందని. అంటే వాళ్ల చట్టం కూడా వాళ్ల వ్యాపారం కోసమే. ఆ పేపర్లను నెత్తిన పెట్టుకోకండి.

మద్దిలపాలెం_జర్నలిజం
@జగదాంబ_సెంటర్ వాళ్లు గొప్ప అనలేదండీ. తేడా ఎందుకో అడుగుతున్నాను. కెనడా పేపర్లు చూస్తే ఇంకా ఆశ్చర్యం. కెబెక్ ప్రజల పెన్షన్ డబ్బు చూసే నిధిలో పనిచేసిన ముగ్గురి పేర్లు నిందితుల్లో ఉన్నాయి. అక్కడి పేపర్లకు అదానీ కంటే ఆ ముగ్గురే ముఖ్యం. మన పెన్షన్ డబ్బుతో ఇదేం పని అని.

మ్యూనిక్_వాల్తేరు
పుట్టింది పెదవాల్తేరు, ఇప్పుడు మ్యూనిక్. యూరప్ పేపర్లు తటస్థంగా ఉంటాయన్న భ్రమ ఇక్కడికి వచ్చాక నాకు పూర్తిగా పోయింది. వైర్‌కార్డ్ గురించి చదువు.

మా ఊరి శివార్లలోనే దాని ఆఫీసు. కార్డు చెల్లింపుల కంపెనీ. 2018 సెప్టెంబర్‌లో కామర్జ్‌బ్యాంక్‌ను పక్కకు తోసి జర్మనీ టాప్ 30 కంపెనీల సూచీలో చేరింది. జర్మనీకి కూడా ఒక టెక్ హీరో దొరికాడని ఇక్కడివాళ్ల గర్వం. లండన్ నుంచి ఫైనాన్షియల్ టైమ్స్ విలేకరి డాన్ మెక్రమ్ 2015 నుంచీ ఆ లెక్కలు తేడాగా ఉన్నాయని రాస్తూనే ఉన్నాడు. 2019 మొదట్లో సింగపూర్ ఆఫీసులో దొంగ ఒప్పందాల సంగతి రాశాడు. జర్మన్ నియంత్రణ సంస్థ బాఫిన్ ఏం చేసింది? కంపెనీని తనిఖీ చేయడం పోయి, ఆ షేరు పడుతుందని పందెం కాసే షార్ట్ సెల్లింగ్‌ను రెండు నెలలు నిషేధించింది. ఏప్రిల్‌లో ఫైనాన్షియల్ టైమ్స్ విలేకరుల మీదే క్రిమినల్ ఫిర్యాదు పెట్టింది. ఇక్కడి వ్యాపార పత్రికలు కొన్ని లండన్ స్పెక్యులేటర్లు మన కంపెనీ మీద పడ్డారన్న ధోరణిలో రాశాయి. అడగాల్సిన ప్రశ్న లెక్కలు నిజమా కాదా అని. అడిగింది మాత్రం ఆ విలేకరి వెనక ఎవరున్నారని.

2020 జూన్‌లో 190 కోట్ల యూరోలు లేవని తేలింది. ఫిలిప్పీన్స్‌లోని రెండు బ్యాంకుల్లో ఉన్నాయని చూపిన డబ్బు. ఆ పత్రాలు నకిలీవని ఆ బ్యాంకులే చెప్పాయి. సీఈఓ అరెస్టు, రెండో పెద్ద పారిపోయాడు, కంపెనీ దివాలా. తర్వాత పార్లమెంటు విచారణ సంఘం వేశారు, పత్రికలు కూడా అద్భుతంగా తవ్వాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ కూలిపోయాక.

మనకూ లింకు ఉంది. 2015లో వైర్‌కార్డ్ చెన్నైకి చెందిన ఒక చెల్లింపుల వ్యాపారాన్ని 34 కోట్ల యూరోల దాకా ఇచ్చి కొంటామని ప్రకటించింది. ఆ డబ్బు మారిషస్ ఫండ్ మీదుగా వెళ్లింది. అంత ధర ఎందుకని లండన్ పేపర్ అడిగింది. ఆ కంపెనీ ఉన్న దేశం మనది. మన పేపర్లలో దాని మీద గట్టి పరిశోధన నాకు కనిపించలేదు.

గోపాలపట్నం_రైల్వే
@మ్యూనిక్_వాల్తేరు గొప్పగా చెప్పారు. విలేకరి మీద కేసు పెట్టే తెలివి అక్కడ కూడా ఉందన్నమాట. 2019లో మన రాష్ట్రంలో జీవో 2430 ఇచ్చి, తప్పుడు వార్తలు రాస్తే కేసులు పెట్టే అధికారం శాఖల కార్యదర్శులకు ఇచ్చారు, గుర్తుందా? ఈ సోలార్ వార్తల మీద కూడా ఈనాడు, ఆంధ్రజ్యోతి మీద రూ.100 కోట్ల పరువు నష్టం దావా వేస్తానని జగన్ ప్రకటించారు.

జగదాంబ_సెంటర్
పేరు లేని పత్రం పట్టుకుని ఒక మనిషిని దోషి అని రాసేస్తే దావా వేయక ఏం చేస్తాడు? కోర్టుకు వెళ్లడం ఆయన హక్కు. జీవో వేరు, దావా వేరు. రెండూ కలిపేయకండి.

ఆడిటర్_సీతమ్మధార
అది ఒప్పుకుంటాను. ఆరోపణను తీర్పులా రాయడం మన పేపర్ల పాత జబ్బు. 2023 సెప్టెంబర్‌లో స్కిల్ కేసులో చంద్రబాబును అరెస్టు చేసినప్పుడు అదే జబ్బు రెండో వైపు కనిపించింది. అప్పుడు ఈ పేపర్ రాసిన తీరులో ఇప్పుడు ఆ పేపర్ రాస్తోంది.

బగాన్_దతో_బావ
మలేషియా నుంచి. మా తాతల కాలంలోనే విశాఖ జిల్లా నుంచి తోటల్లో పనికి వచ్చిన కుటుంబం మాది. తెలుగు పేపర్లు నెట్‌లో చదువుతాను. మీరంతా రెండు పేపర్ల గొడవ గురించి చెబుతుంటే నాకు కొంచెం అసూయగా ఉంది. మాకు 1ఎండీబీ కేసులో ఆ రెండో పేపర్ లేదు.

1ఎండీబీ అంటే 2009లో మొదలైన ప్రభుత్వ పెట్టుబడి నిధి. అందులోంచి 450 కోట్ల డాలర్లకు పైగా దారి మళ్లించారని అమెరికా న్యాయశాఖ లెక్క. 2015 జూలైలో వాల్ స్ట్రీట్ జర్నల్, దాదాపు 70 కోట్ల డాలర్లు ప్రధాని నజీబ్ సొంత ఖాతాల్లో పడ్డాయని రాసింది. అప్పట్లో మా దేశంలో పెద్ద పేపర్లు చాలావరకు అధికార కూటమి పార్టీలవో వాటికి దగ్గరివాళ్లవో. ఉతుసాన్ మలేషియా అనే పేపర్ అప్పటి ప్రధాని పార్టీది. ద స్టార్ మిత్రపక్షానిది. వాటిలో ఇది ప్రధాని మీద కుట్ర కథ. గట్టిగా రాసిన ద ఎడ్జ్ పత్రికకు మూడు నెలలు అనుమతి ఆపేశారు. లండన్ నుంచి నడిచే సరవాక్ రిపోర్ట్ సైటు మా దేశంలో తెరుచుకోకుండా ఆపేశారు. అదే నెలలో అటార్నీ జనరల్‌ను తీసేశారు, ప్రశ్నించిన ఉప ప్రధానిని కూడా తీసేశారు. కొత్త అటార్నీ జనరల్ వచ్చి, ఆ డబ్బు సౌదీ రాజకుటుంబం ఇచ్చిన కానుక అని 2016 జనవరిలో కేసు మూసేశాడు.

అదే సమయంలో అమెరికా పేపర్లు ఈ దోపిడీకి సూత్రధారి అంటున్న వ్యాపారి జో లో విందులు, విలాస పడవ, హాలీవుడ్ తారలు, ఖర్చుల గురించి రాశాయి. చదవడానికి రంజుగానే ఉంటుంది, కానీ పేరాక్ రాష్ట్రంలో మావాళ్లకు ఆ పడవతో ఏం పని? సింగపూర్ పేపర్లలో మా నియంత్రణ సంస్థ ఎంత గట్టిదో చూడండి అన్న కథ. 2016లో అక్కడ ఈ కేసులోనే బీఎస్ఐ బ్యాంకును మూయించారు కదా. ఎవరి అద్దంలో వాళ్ల ముఖం.

2018 మేలో ప్రభుత్వం మారింది. నిన్నటిదాకా కుట్ర అన్న పేపర్లే పోలీసులు పట్టుకున్న నగలు, హ్యాండ్‌బ్యాగుల ఫోటోలు మొదటి పేజీలో వేశాయి. 2020లో నజీబ్‌కు ఒక కేసులో 12 ఏళ్ల శిక్ష పడింది, తర్వాత దాన్ని సగానికి తగ్గించారు.

ఉక్కునగరం_వాసి
చూశారా, నేను మొదట చెప్పిందే. ఓనర్ మారకపోయినా ఓనర్ పైవాడు మారితే చాలు.

బగాన్_దతో_బావ
@ఉక్కునగరం_వాసి పూర్తిగా కాదు బావా. బాండ్లు అమ్మిపెట్టిన గోల్డ్‌మన్ శాక్స్ 650 కోట్ల డాలర్ల అమ్మకానికి 60 కోట్ల దాకా ఫీజు తీసుకుంది. అమెరికా పేపర్లకు ఓనర్ భయం లేదు. అయినా మొదట్లో కథ అంతా మలేషియా అవినీతి, ఆసియా నాయకులు. తమ బ్యాంకు మీదికి దృష్టి రావడానికి టైమ్ పట్టింది. ఇంటి దొంగను చూడటం ఎవరికైనా కష్టమే.

డెస్క్_నైట్‌షిఫ్ట్
తెలుగు పేపర్లో సబ్‌ఎడిటర్‌గా చేసి రిటైరయ్యాను. పేపర్ పేరు వద్దు. ఓనర్ ఫోన్ చేసి ఇలా రాయండి అంటాడని అందరూ అనుకుంటారు. చాలా రోజులు ఆ ఫోన్ రాదు, రావాల్సిన అవసరం ఉండదు. డెస్క్‌లో అందరికీ తెలుసు.

ఈ కేసులో ఇంకో సంగతి ఉంది. వార్త మనకు అర్ధరాత్రి దాటాక వచ్చింది. ఆ టైమ్‌కి ఎడిషన్లు వెళ్లిపోతుంటాయి. మర్నాడంతా టీవీలు తినేశాయి. సాయంత్రం డెస్క్ కూర్చునేసరికి ఢిల్లీలో ఒక పార్టీ ప్రెస్‌మీట్, విజయవాడలో ఇంకో పార్టీ ప్రెస్‌మీట్, గ్రూప్ ఖండన, షేర్ల పతనం అన్నీ రెడీగా ఉంటాయి. 54 పేజీల ఇంగ్లీషు పత్రం చదివే ఓపిక, టైమ్ ఎవరికి? నాయకుడి మాట పది లైన్లలో వస్తుంది, హెడ్డింగ్ తనే పెట్టుకుంటుంది. అలా అసలు పత్రం పక్కకు పోయి, దాని మీద వచ్చిన మాటలే వార్త అయ్యాయి. ఈ పని దురుద్దేశం లేకుండా కూడా జరుగుతుంది. నాకు అదే ఎక్కువ బాధ.

బోఫోర్స్ రోజుల్లో నేను కుర్ర సబ్‌ని. మనకు ఫిరంగులు అమ్మడానికి ఆ స్వీడన్ కంపెనీ లంచాలు ఇచ్చిందని 1987 ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో బయటపెట్టింది. మనకు అది 410 ఫిరంగులు, రూ.1,437 కోట్లు, రాజీవ్, ఇటలీ వ్యాపారి ఖత్రోకీ. స్వీడన్‌లో అదే కంపెనీ పేరు మీద నడిచిన గొడవ ఇంకోటి. తటస్థ దేశమని చెప్పుకుంటూ నిషేధం ఉన్న గల్ఫ్ దేశాలకు దొంగదారిన ఆయుధాలు ఎలా పంపారని. దాంతోపాటు, ఫ్యాక్టరీ ఉన్న కార్ల్స్‌కోగా ఊళ్లో ఉద్యోగాలు పోతాయేమోనన్న భయం. ఇక్కడ చిత్రా సుబ్రమణ్యం, ఎన్.రామ్ 1988లో హిందూలో ఆ ఒప్పంద పత్రాలను ఉన్నవి ఉన్నట్టు అచ్చువేశారు. ఎవరేమన్నారన్నది కాదు, కాగితం. ఆ రోజు పేపర్‌ని నేను డ్యూటీ అయ్యాక కూడా కూర్చుని చదివాను. ప్రభుత్వం పరువు నష్టం బిల్లు తెచ్చి, పత్రికలవాళ్లంతా రోడ్డెక్కితే వెనక్కి తీసుకుంది.

మద్దిలపాలెం_జర్నలిజం
మాస్టారూ, ఇది నాకు పుస్తకాల్లో దొరకని సంగతి. పత్రం నుంచి ఎంత, మాటల నుంచి ఎంత అని కొలవొచ్చు. కాలమ్ అంగుళాల్లో.

డెస్క్_నైట్‌షిఫ్ట్
కొలువు. ఫోటోలు, హెడ్డింగ్ వేరుగా వెయ్యి.

బీచ్‌రోడ్_సాయంత్రం
ఆ వారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ కొంటే పొట్లం కాగితం మీద ఇదే వార్త. సగం నుంచి చిరిగిపోయి, ఎవరు ఎవరికి ఇచ్చారో తెలీకుండా అయిపోయింది. మొత్తం పేపర్ చదివిన మా అన్నయ్యకి కూడా అంతే అర్థమైంది 😄

గాజువాక_అమ్మాజీ
చదువుతూ వచ్చాను అందరివీ. ఒక్క మాట అడగాలి.

మా అత్తమామలు ఒక డిపాజిట్ల కంపెనీలో డబ్బు పెట్టారు. పేరు చెప్పను. మావయ్య రిటైర్‌మెంట్ డబ్బులో ఎక్కువ భాగం. అది మూసేసిన రోజు జిల్లా పేజీలో పెద్ద వార్త, డైరెక్టర్ అరెస్టు అయిన రోజు ఇంకా పెద్ద వార్త, ఆయన ఏ నాయకుడి మనిషో చెప్తూ రెండు పేపర్లూ వారం రోజులు కొట్టుకున్నాయి. తర్వాత ఏమీ లేదు. ఆస్తుల వేలం ఎప్పుడు, దరఖాస్తు ఎక్కడ పెట్టాలి, ఏ కాగితాలు కావాలి, ఇవి ఏ పేపర్లో రాలేదు. మావయ్య రోజూ పొద్దున్నే రెండు పేపర్లు తెప్పించి ఆ వార్త కోసం వెతికేవారు. ఆ మనిషిని చూసి నాకు ఏడుపొచ్చేది.

మీరు చెప్పిన అన్ని దేశాల్లో దొంగ ఎవరో రాశారు. నష్టపోయింది ఎవరని రాశారు?

మ్యూనిక్_వాల్తేరు
అమ్మాజీ గారూ, ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అడిగారు. వైర్‌కార్డ్‌లో కూడా చిన్న షేర్‌హోల్డర్లకు చివరి పేజీలే దక్కాయి.

ఆడిటర్_సీతమ్మధార
అమ్మాజీ గారి ప్రశ్న పట్టుకుని మళ్లీ మొదటినుంచి చూడండి. అమెరికా పేపర్లో నష్టపోయింది మదుపరి. కెబెక్‌లో పెన్షనర్. కెన్యాలో అయితే నైరోబి విమానాశ్రయాన్ని 30 ఏళ్లకు ఇచ్చేస్తే ఉద్యోగాలు పోతాయని సెప్టెంబర్‌లోనే సిబ్బంది సమ్మె చేశారు, చాటుగా నడుస్తున్న ఒప్పందాన్ని బయటపెట్టింది ఒక మామూలు యువకుడు. నవంబర్ 21న అధ్యక్షుడు రూటో పార్లమెంటులో రద్దు ప్రకటిస్తే సభ్యులు చప్పట్లు కొట్టారు. దాంతోపాటు 73.6 కోట్ల డాలర్ల విద్యుత్ లైన్ల ఒప్పందం కూడా పోయింది. అక్కడ నష్టపోయేవాడు కెన్యా పౌరుడని అందరికీ తెలిసేలా రాశారు.

మన దగ్గర? పేపర్లలో నష్టపోయింది ఒక పార్టీ, లేదా ఇంకో పార్టీ. ఆరోపణ నిజమైతే కరెంటు వినియోగదారుడి మీద ఏం పడుతుంది, అబద్ధమైతే ఏం పడదు, ఇది ఎక్కడ? మన రాష్ట్రం ఒప్పుకున్నది 7,000 మెగావాట్లు, యూనిట్ రూ.2.49, 25 ఏళ్లు. రాజస్థాన్‌లో తయారయ్యే కరెంటును ఇక్కడికి తెచ్చే చార్జీల మినహాయింపు చివరిదాకా నిలుస్తుందా, పగలు వచ్చే సోలార్ మన వ్యవసాయ మోటార్లకు సరిగ్గా సరిపోతుందా, ఈ ఒప్పందం మీద హైకోర్టుకు వెళ్లినవాళ్లు ఏం అడిగారు. ఇవి ఒక పేజీలో సాదాగా చెప్పొచ్చు. మన విశాఖ బిల్లు ఇచ్చే ఈపీడీసీఎల్ హెడ్డాఫీసు ఇక్కడే ఉంది, ఒక రిపోర్టర్ ఆటోలో వెళ్లి అడగొచ్చు.

జగదాంబ_సెంటర్
రూ.2.49 అంతకు ముందు కొన్న రేట్లకంటే తక్కువ. అది కూడా రాయాలి కదా మరి.

ఆడిటర్_సీతమ్మధార
తప్పకుండా రాయాలి. పక్కనే, అదే సమయంలో వేరే రాష్ట్రాల్లో వేలంలో పలికిన రేట్లు కూడా రాయాలి. గుజరాత్‌లో 2020 డిసెంబర్‌లో రూ.1.99 పలికింది. ఆ రెండు అంకెలూ, రవాణా చార్జీలూ ఒకేచోట వేస్తే పాఠకుడు తనే తేల్చుకుంటాడు. ఒక పేపర్ ఒక అంకె, ఇంకో పేపర్ ఇంకో అంకె వేస్తే ఎవరికీ అర్థం కాదు.

సత్యం_మాజీ
2009 జనవరి 7 గుర్తొచ్చింది. నేను అప్పుడు సత్యంలో చేరి ఏడాది కూడా కాలేదు. రామలింగరాజు లేఖలో రూ.5,040 కోట్ల నగదు అసలు లేదని ఒప్పుకున్నారు. విదేశీ పేపర్లు, దొంగ లెక్కలతో కూలిన అమెరికా కంపెనీ పేరు మీద, ఇండియా ఎన్రాన్ అన్నాయి, ఆడిటర్లను, న్యూయార్క్‌లో షేర్లు కొన్నవాళ్లను చూశాయి. తెలుగు పేపర్లు రాజు కుటుంబం కంపెనీ మేటాస్, భూములు, నాయకుల సంబంధాలు చూశాయి. కానీ ఉద్యోగుల జీతాలు ఎలా, కంపెనీ నిలుస్తుందా అన్నది కూడా తెలుగు పేపర్లలోనే రోజూ వచ్చింది. ఊళ్లో అమ్మ అది చదివి ఫోన్ చేసేది. బాధితులు మన పిల్లలైతే మనవాళ్లు రాయగలరు. చేతకాక కాదు.

గాజువాక_అమ్మాజీ
అదే నా బాధ అండీ. రాయగలిగీ రాయకపోవడం.

బగాన్_దతో_బావ
1ఎండీబీలో అమెరికా జప్తు చేసిన సొమ్ములో వంద కోట్ల డాలర్లకు పైగా మా దేశానికి తిరిగి వచ్చింది. అది ఏ అప్పు తీర్చడానికి పోయిందో వెతికితే దొరికేది లోపలి పేజీల్లో. నజీబ్ భార్య హ్యాండ్‌బ్యాగులు ఎన్నో మాత్రం మా ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

మద్దిలపాలెం_జర్నలిజం
సెమినార్ మార్చేస్తున్నాను. ఏ పేపర్ ఎవరిని దోషి అంది అన్నది ఒక వరుస మాత్రమే. ప్రతి దేశం పేపర్ ఎవరిని నష్టపోయినవాడిగా చూపింది, వాడి మాట ఎన్ని లైన్లు వేసింది, డబ్బు తిరిగి వచ్చే దారి రాసిందా, పత్రం నుంచి ఎంత తీసుకుంది. ఈ నాలుగూ ముఖ్యం. అమ్మాజీ గారూ, మీ ప్రశ్నే మొదటి పేజీలో పెట్టొచ్చా? పేరు, ఊరు ఏమీ రాయను.

గాజువాక_అమ్మాజీ
పెట్టు బాబూ. మావయ్య ఉంటే సంతోషించేవారు.

ఉక్కునగరం_వాసి
ఓనర్ వరుస తీసెయ్యకు తమ్ముడూ, అది కూడా ఉంచు.

డెస్క్_నైట్‌షిఫ్ట్
నేరారోపణ పత్రం అమెరికా న్యాయశాఖ సైట్లో ఉచితంగా ఉంది, ముందు అది పూర్తిగా చదువు. పేపర్లు నవంబర్ 21 నుంచి 30 దాకా తీసుకో, ఒక్క రోజుతో సరిపెట్టకు. విశాఖ ఎడిషన్ వేరు, విజయవాడ ఎడిషన్ వేరు, రెండూ చూడు. జిల్లా పేజీ వదలకు. పాత సంచికలు మీ వీఎస్ కృష్ణా లైబ్రరీలో దొరక్కపోతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడుగు. కొలవడానికి ఇంకో చెయ్యి కావాలంటే నేను వస్తాను, పొద్దున పూట ఖాళీయే.